పిచ్చుక డ్యూటీలోనే రొద

మూడోసారి కూడా సిగ్నల్ పిచ్చుక డ్యూటీలోనే చెడింది.

ఎప్పుడూ నున్నగా సాగే పచ్చగీత ఉన్నట్టుండి గొంగళిపురుగులా వెంట్రుకలు నిక్కబొడుచుకుంది. పక్క తెరమీద ఉపగ్రహం పంపుతున్న భూమి బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి, కొన్ని గళ్లు నల్లబడ్డాయి. ఆ ఉపగ్రహం పనల్లా వేడిని కనిపెట్టడమే. సరిహద్దుకి అవతల ఎక్కడ క్షిపణి లేచినా దాని తోకమంట ముందు దానికే కనబడుతుంది. అది ఈ కొండమీది స్టేషన్‌కి చెబుతుంది, స్టేషన్ సైరన్లకి చెబుతుంది, సైరన్లు ఊళ్లకి చెబుతాయి. ఇదంతా గుక్క తిప్పుకునేంతలో జరిగిపోవాలి. క్షిపణి సరిగ్గా ఆ నల్లబడ్డ గడిలోంచే లేవదని ఎవరు పూచీ పడతారు?

"రొద! మళ్లీ రొద!" అని అరిచి పిచ్చుక రెండో రిసీవరుకి మార్చింది. అదీ అంతే. డిష్‌ని వెంట్రుకవాసి అటు జరిపింది, ఇటు జరిపింది. హెడ్‌సెట్‌లో పై కేంద్రం వాళ్లు "మీ బొమ్మ చెడింది, మీ బొమ్మ చెడింది" అని ఒకటే పోరు. ఆమె వేళ్లు మీటలమీద పరుగులు పెడుతుండగానే, ఏడుపు మానిన పిల్లలా గీత దానంతటదే సర్దుకుంది. ఎందుకు చెడిందో తెలియదు, ఎందుకు బాగయిందో తెలియదు.

మనిషి పొట్టి, మాట వడి. గదిలోకి వచ్చిందంటే కిచకిచలు మొదలు. అందుకే స్టేషన్‌లో అందరికీ ఆమె పిచ్చుక. కుర్చీ అందక కింద దిండు వేసుకుని కూర్చుంటుంది. ఆ రోజు మాత్రం మేజరు గదిలో నిలబడ్డప్పుడు ఆ కిచకిచలు గొంతు దాటలేదు.

మేజరు చెడ్డవాడేం కాదు. కాకపోతే పైనుంచి పడే అక్షింతలు ముందు ఆయన నెత్తిమీదే పడతాయి. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు:

"ముగ్గురు ఆపరేటర్లున్నారు. అదే కుర్చీ, అదే డిష్షు. మిగతా ఇద్దరి డ్యూటీలో ఒక్కసారంటే ఒక్కసారి రాలేదు. పై వాళ్లకి నన్నేం చెప్పమంటావు?"

"నా చేతిలో తప్పు జరిగితే నాకు తెలుస్తుంది సార్."

"తెలియకుండా జరిగేదాన్నే తప్పంటారమ్మా. తెలిసి చేస్తే దానికి వేరే పేరుంది." కళ్లజోడు పెట్టుకున్నాడు. "అవతలివాళ్లు ఎప్పుడేం చేస్తారో తెలియని రోజులు. నేను చూస్తూ కూర్చోలేను. కొన్నాళ్లు ఇంట్లో ఉండు. పిలుస్తాను."

ఆమె తిరిగి వచ్చేసరికి కుర్చీలో వేరే ఆపరేటరు కూర్చున్నాడు. దిండు తలుపు బయట గోడకి ఆనించి ఉంది. అతను పొడుగు మనిషి, దిండుతో అతనికి పనిలేదు. అంతకుమించి అందులో అర్థం వెతకాల్సిన పని లేదని తనకి తాను నచ్చచెప్పుకుంటూ, దిండు చంకలో పెట్టుకుని పిచ్చుక కొండ దిగింది.

*

ఇంట్లో ఉండమంటే ఉండటం అంత తేలిక కాదు. భర్త లారీ వేసుకుని దూరప్రాంతాలు తిరిగే మనిషి. నెలలో సగం రోజులు రోడ్డుమీదే. ఇంట్లో ఉండేది తనూ, నాలుగేళ్ల కూతురూ. పిల్ల గుండ్రంగా, నున్నగా ఉంటుంది కనక దాన్ని బుడంకాయ అంటారు. అసలు పేరు దానికే సరిగ్గా గుర్తులేదు.

"అమ్మా, ఇవాళ పిల్లలమ్మ దగ్గరికి వెళ్లమా?"

"వెళ్లం. నేను ఇంట్లోనే ఉన్నానుగా."

"ఎందుకున్నావు?"

"నీతో ఆడుకోడానికి."

బుడంకాయ కాసేపు ఆలోచించింది. "నీకు ఆడటం రాదు కదా" అంది.

నిజమే, రాలేదు. బొమ్మకి జడ వేస్తున్నా కళ్లముందు గీతే వణుకుతోంది. ఏ మీట ముందు నొక్కాను, ఏది తర్వాత? నిద్ర తూగానా? మోచెయ్యి ఎక్కడైనా తగిలిందా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యని తప్పుని తన ఒళ్లంతా వెతుక్కుంది.

మూడోనాడు సాయంత్రం గొడుగుల బాబాయ్ వచ్చాడు. స్టేషన్‌లో యాంటెన్నాలన్నీ చూసుకునే మెకానిక్కు ఆయనే. డిష్‌లని గొడుగులనడం ఆయనకి అలవాటు, అందుకే ఆ పేరు. తన బిడ్డకి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"ఏం చెప్పమంటావమ్మాయ్. నువ్వు దిగిన దగ్గర్నుంచి గీత చూస్తే ఇస్త్రీ చేసినట్టుంది. ఒక్క ముడత లేదు."

పిచ్చుక ముఖం పాలిపోయింది. "అంటే నేనే అన్నమాట."

"నేనట్లా అన్నానా?"

"అనక్కర్లేదు బాబాయ్. లెక్క అదే చెబుతోంది."

"లెక్క చెబుతుంది, కారణం చెప్పదు." ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. "నాకు గ్రీజు పెట్టడానికి ఇంకో రెండు చేతులు కావాలని మేజరుగార్ని అడిగా. నువ్వు కన్సోల్ గదిలోకి అడుగు పెట్టవంటే సరే అన్నాడు. రేపు రా. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది."

గ్రీజు పెట్టడానికి పిలిస్తే ఏడవాలో నవ్వాలో తెలియలేదు గానీ, ఆయన వెళ్లాక పిచ్చుక మొదటిసారి కడుపునిండా తిన్నది.

*

పొద్దున్నే బుడంకాయని పిల్లలమ్మ ఇంట్లో దింపింది. కొండకింద వీధిలో, నీలం తలుపుల ఇల్లు. పనులకి వెళ్లే తల్లుల పిల్లల్ని ఆవిడ చూసుకుంటుంది. మొగుడు పోయాడు, పిల్లలు కలగలేదు. ఇప్పుడు మాత్రం ఇల్లంతా పిల్లలే. బుడంకాయ చెయ్యి వదిలించుకుని లోపలికి పరిగెత్తింది. "వచ్చావా నా తల్లీ! ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నావే?" అన్న మాట వినబడింది. పిచ్చుక ఆగకుండా కొండెక్కింది.

ఊళ్లోవాళ్లు గుడ్డు అని పిలిచే తెల్లటి గుండ్రటి గుమ్మటం కింద, డిష్ తిరిగే పెద్ద పళ్లచక్రం ఉంటుంది. పాత గ్రీజు గుడ్డతో తుడిచి, కొత్తది పంటిపంటికీ వేలితో కూరాలి. మోచేతుల దాకా నల్లగా చేసుకుని ఆమె ఆ పనిలో ఉండగా, కన్సోల్ గది తలుపు దభాలున తెరుచుకుంది. పొడుగు ఆపరేటరు. ముఖం చూస్తే దయ్యాన్ని చూసినవాడిలా ఉన్నాడు.

"బాబాయ్! రొద వచ్చింది! నా డ్యూటీలో!"

బాబాయ్ పిచ్చుక వంక చూశాడు. పిచ్చుక తన నల్లటి చేతుల వంక చూసుకుంది.

"అమ్మాయ్ మీటలు నొక్కలేదుగా?" అన్నాడు బాబాయ్ గట్టిగా, పొడుగతనికి వినబడేలా.

పొడుగతను తల దించుకున్నాడు. "సారీ" అన్నాడు, చిన్న గొంతుతో. ఆ క్షణంలో పిచ్చుకకి అతనిమీద కోపం రాకపోగా దణ్ణం పెట్టాలనిపించింది. అతను కావాలంటే గీత సర్దుకునే దాకా నోరు మూసుకుని కూర్చోవచ్చు. అలా చెయ్యకుండా పరిగెత్తుకొచ్చి చెప్పాడు.

మేజరు చప్పున అనుమతి ఇచ్చాడు. రొద బయటి నుంచి వస్తోంది, పట్టుకోండి.

రొదని పట్టడానికి బాబాయ్ దగ్గర ఒక సామాను ఉంది. చేపముల్లు లాంటి యాంటెన్నా, దానికి తీగ, తీగ చివర అరచేతి తెర ఉన్న పెట్టె, చెవులకి హెడ్‌ఫోన్లు. ముల్లుని నెమ్మదిగా చుట్టూ తిప్పితే, ఎటువైపు బుసబుస ఎక్కువగా వినబడితే అటు గీత గియ్యాలి. ఇంకో చోటికి వెళ్లి ఇంకో గీత. రెండు గీతలూ కలిసిన చోట దొంగ ఉంటాడు. చెప్పడానికి ఇంతే. చెయ్యబోతే రేకుల కప్పులూ నీళ్ల ట్యాంకులూ ఆ బుసని తిప్పికొట్టి, లేనిచోట ఉన్నట్టు చూపిస్తాయి.

కొండ దిగగానే బాబాయ్ ముల్లు వెల్డింగ్ షాపు వైపు నిలబడిపోయింది.

"నే చెప్పలా? నిప్పురవ్వలు చిమ్మే చోట రొద ఉండక ఏముంటుంది!" అన్నాడు గర్వంగా.

వెల్డరు ముఖానికున్న నల్ల అద్దం ఎత్తి, ముల్లునీ హెడ్‌ఫోన్లనీ చూసి, "చేపలు పట్టడానికా? చెరువు అటుంది" అన్నాడు.

"నీ మిషను ఆపు నాయనా, కాసేపు."

"ఆపితే గేటు ఎవరు అతుకుతారు, మీ చేపా?" అంటూనే ఆపాడు. ఆపినా చెవుల్లో బుస అలాగే ఉంది, పైగా కాస్త పెరిగింది. షాపు రేకులు ఎక్కణ్నుంచో వచ్చేదాన్ని తిప్పికొడుతున్నాయంతే. బాబాయ్ గర్వం అణిగింది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకని, మీ పనేదో మీరు చూసుకోండయ్యా" అని వెల్డరు మళ్లీ అద్దం దించుకున్నాడు.

లాండ్రీ, బేకరీ, పాత సామాన్ల కొట్టు, ఊరంతా తిరిగారు. పొద్దు వాలింది. పిల్లని తెచ్చుకునే వేళయిందని పిచ్చుక వెళ్లింది. ఆమె బుడంకాయని తీసుకుని వీధి మలుపు తిరిగిన కాసేపటికి, ఇంకా తిరుగుతున్న బాబాయ్ చెవుల్లో బుస ఠక్కున ఆగిపోయింది. తర్వాత ఎంత తిరిగినా లేదు.

*

మర్నాడు పొద్దున పిల్లని దింపి వచ్చేసరికి బాబాయ్ నీళ్ల ట్యాంకు పక్కన సిద్ధంగా ఉన్నాడు. "ఇంకా లేదు" అన్న మాట పూర్తవకుండానే చేత్తో ఆగమని సైగ చేశాడు. "వచ్చింది."

ట్యాంకు దగ్గర ఒక గీత గీశారు. బేకరీ మేడమీద ఇంకోటి. రెండూ కొండకింది వీధిలో కలిశాయి. ఈసారి ముల్లు, హెడ్‌ఫోన్లు పిచ్చుక తీసుకుంది. వీధి మొదట్లో బుస సన్నగా ఉంది. నాలుగిళ్లు దాటాక లావెక్కింది. ఇంకో రెండిళ్లు దాటేసరికి మరిగే నీళ్లలా హోరెత్తింది. ముల్లు ఎటూ తిప్పనక్కర్లేదు.

ఎదురుగా నీలం తలుపులు.

పొద్దున తను కూతుర్ని వదిలిపెట్టిన తలుపులు. మేడ పిట్టగోడకి ఎన్నడూ గమనించని చిన్న తెల్లటి యాంటెన్నా కట్టి ఉంది.

బాబాయ్ ఆ యాంటెన్నానీ తలుపుల్నీ మార్చి మార్చి చూశాడు. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే కదమ్మాయ్" అన్నాడు.

తలుపు తీసిన పిల్లలమ్మ చీపురు పక్కన పెట్టి, "ఏంటమ్మాయ్, అప్పుడే వచ్చావు? ఒంట్లో బాగానే ఉందా?" అంది. వెనకాల గదిలో పిల్లలు కుర్చీలన్నీ వరసగా పెట్టి రైలు నడుపుతున్నారు. బుడంకాయ ఇంజన్. అలమర పైన, పాలసీసాల పక్కన, పుస్తకమంత పెట్టె ఒకటి ఎర్రదీపంతో మినుకుమినుకుమంటోంది.

"పిన్నీ, అదేంటి?"

పిల్లలమ్మ ముఖంలో దాచిన తాయిలం బయటపడ్డట్టు సిగ్గు. "నీ కంట పడిందీ? చెబితే వద్దంటావని చెప్పలా. సెల్లుకి సిగ్నల్ లాగే పెట్టె. ఈ కొండ చాటున మా ఇంట్లో ఎప్పుడూ ఒక్క గీత కూడా రాదు కదా."

"ఎప్పుడు పెట్టావు?"

"మొన్న నీ బిడ్డకి ఆయాసం వచ్చినప్పుడు. దాన్ని ఎత్తుకుని, మిగతా పిల్లల్ని గాలికొదిలేసి, సిగ్నల్ కోసం మేడమీదికి పరిగెత్తానమ్మా. అక్కడ కూడా మీ గేటు నంబరు కలవదే! మిగతా తల్లులయితే పక్కనే లాండ్రీలో, బజార్లో ఉంటారు, కేకేస్తే వస్తారు. నువ్వు ఆ గుడ్డులో కూర్చుంటే నిన్నెట్లా పిలవను? అందుకని నీకోసమే తెచ్చా. బుడంకాయ ఉన్నంతసేపే వేస్తాను. అది వెళ్లాక ఆపేస్తా, ఊరికే కరెంటు దండగ కదా."

పిచ్చుకకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. తను డ్యూటీలో ఉంటేనే పిల్ల ఇక్కడ ఉంటుంది. పిల్ల ఇక్కడ ఉంటేనే పెట్టె వెలుగుతుంది. తను ఇంట్లో కూర్చున్న రోజుల్లో గీత నున్నగా ఉండక ఏమవుతుంది! ఆమె గోడకి చేరబడి నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇంతమంది తల్లుల్లో తనకోసం ఒక మనిషి ఇంతగా ఆలోచించింది. ఆ ఆలోచనే తన కుర్చీ లాగేసింది. కోపం తెచ్చుకుందామన్నా ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి?

బాబాయ్ ప్లగ్గు పీకాడు. పిచ్చుక మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లలో హోరు టక్కున ఆగింది.

"లోపలి పెట్టెనీ పైన యాంటెన్నానీ మరీ దగ్గరగా పెట్టారమ్మా" అన్నాడు. "మైకు ముందు స్పీకరు పెడితే కూస్తుంది చూడండి, అట్లా ఇది తన గొంతు తనే విని కూస్తోంది. ఆ కూత ఉండుండి పెద్దదై, పైకెళ్లి మా పనికి అడ్డుపడుతోంది."

"మీ పనా? మీ పనేంటి?"

ఇద్దరూ మాట్లాడలేదు. చెప్పకూడని పని అది. పిల్లలమ్మ వాళ్ల ముఖాలు చూసింది, కిటికీలోంచి వీధి చివర కనబడే సైరన్ స్తంభాన్ని చూసింది. తెలివైన మనిషి. చీపురు పక్కనే నేలమీద కూలబడింది.

"అది మోగకుండా చేశానా?" అంది. "ఇంతమంది పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని, నా చేతులతో నేనే..."

పిచ్చుక పక్కన కూర్చుని ఆవిడ చేతులు పట్టుకుంది. "ఏం కాలేదు పిన్నీ. ఏమీ కాకముందే దొరికింది."

బయటికి వచ్చాక బాబాయ్ గొంతు తగ్గించాడు. "పెట్టె పాత సామాన్ల కొట్లో దొరికిందని చెబుదాం. ఆ కుప్పలో ఎవడు వెతుకుతాడు? ఈవిడ పేరు చెప్పావో, రోజులు బాగాలేవు, విద్రోహమంటారు. నీ పిల్ల ఉండే ఇల్లని తెలిస్తే నువ్వే పెట్టించావంటారు. ఎటు చూసినా నీకే చుట్టుకుంటుంది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కొండెక్కుతూ దారిపొడుగునా పిచ్చుక ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అంతసేపు మాట్లాడకపోవడం బాబాయ్ ఎన్నడూ చూడలేదు. పైకి చేరాక అంది:

"ఈ ఊళ్లో సిగ్నల్ లేనిది పిన్ని ఒక్కదాని ఇంట్లోనేనా బాబాయ్? రేపు ఇంకో ఇంట్లో ఇంకో పెట్టె వస్తుంది. కొట్లో దొరికిందంటే ఆ సంగతి ఎవరికీ తెలియదు. నేను ఉన్నదున్నట్టే చెబుతాను."

*

మేజరు అంతా విన్నాడు. బల్లమీద పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ ఇంట్లో ఉండేది నీ కూతురా?"

"అవును సార్."

"నువ్వే పెట్టించావని ఎవరైనా అంటే?"

"అనొచ్చు సార్. నాకోసం పెట్టిందన్నది నిజం. నాకు తెలియదన్నదీ నిజం. రెండోదానికి నా దగ్గర సాక్ష్యం లేదు."

ఆయన ఇంకేదో అడగబోతుండగా గేటు నుంచి ఇంటర్‌కమ్ మోగింది. సెంట్రీ గొంతులో గాభరా. "సార్, ఇక్కడ... పిల్లలు వచ్చారు సార్."

"ఏ పిల్లలు?"

"చాలామంది సార్. తాడు పట్టుకుని ఉన్నారు."

కిందికి దిగి చూస్తే నిజమే. పొడుగాటి తాడు ఒకటి, దాన్ని పట్టుకుని వరసగా పిల్లలు, ముందు బుడంకాయ, వెనక పిల్లలమ్మ. కొండంతా ఎక్కి అందరూ చెమటలు కక్కుతున్నారు. ఒకడు సెంట్రీ తుపాకీని చూపించి "ఇది నిజందా?" అని అడుగుతున్నాడు. సెంట్రీ ఏం చెప్పాలో తెలియక అటెన్షన్‌లో నిలబడ్డాడు.

పిల్లలమ్మ మేజరుని చూడగానే రెండు చేతులూ జోడించింది.

"అయ్యా, పెట్టె నాది. కొన్నది నేను, కట్టింది నేను. ఈ అమ్మాయికి ఏమీ తెలియదు. పట్టుకెళ్లాల్సింది నన్ను. కాకపోతే సాయంత్రం దాకా ఆగండి. తల్లులొచ్చి ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకెళ్లాలి. మధ్యలో వదిలేసి రాలేక వీళ్లనీ తీసుకొచ్చాను."

మేజరు చూపు పిల్లల తలల మీదుగా కింద పరుచుకున్న ఊరిమీదికి వెళ్లింది. ఇంటింటికీ పిట్టగోడలు, బట్టలు ఆరేసిన తీగలు. కనుచూపు మేరలో సెల్ టవరు ఒక్కటి లేదు. ఉండనివ్వనిది ఆయన స్టేషనే. గుడ్డు చుట్టూ టవర్లు కట్టకూడదన్న ఉత్తర్వు మీద ఏటేటా సంతకం పెట్టేది ఆయనే.

"మేం పైన కూర్చుని మీ నోళ్లు కట్టేశామమ్మా" అన్నాడు నెమ్మదిగా. "బిడ్డకి ఊపిరాడకపోతే తల్లిని పిలిచే దారి లేకుండా చేసి, ఇప్పుడు ఆ దారి వెతుక్కున్నందుకు మిమ్మల్ని పట్టుకెళ్లాలా? పెట్టె మా దగ్గర ఉంటుంది. మీరు ఇంటికి వెళ్లండి." తర్వాత పిచ్చుక వైపు తిరిగాడు. "నేను ముందు డిష్‌ని అనుమానించాలి, ఆ తర్వాత ఊరిని, చివరికి మనిషిని. తలకిందులుగా చేశాను. పై వాళ్లకి ఈ మాటే చెబుతాను. రేపట్నుంచి నీ కుర్చీలో నువ్వు కూర్చో."

పిచ్చుక సెల్యూట్ చెయ్యబోయి, చేతికి ఇంకా గ్రీజు ఉండటం చూసి ఆగింది. ఆయన మాత్రం ఆగలేదు, ముందుగా ఆయనే చేశాడు. అది చూసి తాడు పట్టుకున్న పిల్లలందరూ సెల్యూట్ చేశారు. తాడు కింద పడింది.

మర్నాడే సిగ్నల్ దళం కుర్రాళ్లు ఇద్దరు నల్లతీగ చుట్ట దొర్లించుకుంటూ కొండ దిగారు. రాళ్ల సందుల్లోంచి, మురుగుకాలవ పక్కనుంచి తీగ లాగి, నీలం తలుపుల ఇంట్లో ఒక సైనిక టెలిఫోను బిగించారు. పక్కనున్న పిడి తిప్పితే చాలు, గేటు దగ్గర మోగుతుంది. ఉపగ్రహాలు నడిపే స్టేషన్‌లో ఇంత పాతకాలం సామాను ఉందని పిచ్చుకకే తెలియదు. వీధిలో మిగతా ఇళ్లకీ తీగలు వేయిస్తామని మేజరు మాటిచ్చాడు, మొదలుపెట్టించాడు కూడా. పిడి తిప్పడానికి పిల్లలు వంతులు వేసుకుని కొట్టుకుంటుంటే, "ఇది ఆట కాదర్రా, ఆయాసానికి మాత్రమే!" అని పిల్లలమ్మ అరుస్తూనే ఉంది.

*

ఆ వారం గడవకముందే, ఒక మధ్యాహ్నం, అది వచ్చింది.

తెరమీద బొమ్మ స్వచ్ఛంగా ఉంది. ఒక్క గడి కూడా నల్లగా లేదు. సరిహద్దుకి అవతల, బీడుభూమి ఉండాల్సిన చోట, సూదిమొనంత తెల్లచుక్క పుట్టింది. పిచ్చుక దిండుమీంచి ముందుకి జరిగింది. కార్చిచ్చు అయితే ఉన్నచోటే ఉంటుంది. ఇటుకబట్టీ అయితే ఎప్పట్నుంచో ఉంటుంది. ఇది కదులుతోంది.

"వేడి. కొత్తది. కదులుతోంది" అంది.

రొద గొడవయ్యాక కొత్తగా వేసిన పక్క కుర్చీలోంచి పొడుగతను వంగి చూశాడు. "అవును. కదులుతోంది."

ఇద్దరూ ఒకేసారి చెరో మీటా నొక్కారు. గోడల అవతల, కొండకింద, సైరన్ లేచింది. మాటలు మోసే ఇంకో ఉపగ్రహం మీదుగా దూరాన క్షిపణి నిరోధక దళం గొంతు హెడ్‌సెట్‌లోకి వచ్చింది. వాళ్లు అడిగినవన్నీ, ఎటు, ఎంత వేగం, ఎక్కడ పడొచ్చు, ఆమె చెబుతూ పోయింది. చుక్క దారిని కంప్యూటరు ముందుకి పొడిగించి గీసిన గీత, చివరికి తమ లోయమీదికే వచ్చి ఆగింది. నీలం తలుపులు ఆ గీత కిందే ఉన్నాయి. ఆమె చూసింది. ఒక్క క్షణం కళ్లు మూసి తెరిచి, తర్వాతి అంకె చదివింది.

లేచి పరిగెత్తలేదు. ఇంత దూరం నుంచి తను చెయ్యగలిగింది గీతని వదలకుండా చూడటమే. అక్కడ చెయ్యాల్సింది పిల్లలమ్మ చేస్తుంది. ఆ నమ్మకం లేకపోతే ఆ కుర్చీలో కూర్చోవడం ఎవరివల్లా కాదు.

కిటికీలు లేని ఆ గదికి మోత ఆలస్యంగా, మెత్తగా చేరింది. కుర్చీలు కదిలాయి. చుక్క తెరమీద లేదు. "ఆకాశంలోనే కూల్చాం. ముక్కలు రాతిక్వారీలో పడ్డాయి. ఎవరూ లేరక్కడ" అంది హెడ్‌సెట్. పొడుగతను తల బల్లకి ఆనించాడు. తలుపు దగ్గర ఎప్పుడొచ్చి నిలబడ్డాడో మేజరు, కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు, ఎంతసేపటికీ పూర్తికావడం లేదు ఆ తుడవడం.

కాసేపటికి గేటు సెంట్రీ ఇంటర్‌కమ్‌లోకి వచ్చాడు. "మేడమ్‌కి కింద నుంచి ఫోను. పిల్లలందరూ ఇంటికింది నేలగదిలో ఉన్నారట. అందరూ క్షేమమట. సైరన్ మోగాక అందర్నీ దింపడానికి బోలెడు టైము దొరికిందట."

"థాంక్స్" అంది పిచ్చుక. ఎవరికి అందో ఆమెకే తెలియదు. సెంట్రీకో, తీగ లాగిన కుర్రాళ్లకో, పై నుంచి కన్నార్పకుండా చూస్తున్న ఆ యంత్రానికో. గొడుగుల బాబాయ్ తలుపులోంచి తొంగిచూసి, గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టి వెళ్లాడు.

సాయంత్రం నీలం తలుపుల దగ్గర తల్లులందరూ మూగారు. పిల్లల్ని తడిమి చూసుకుంటున్నారు. ఒకావిడ పిల్లాణ్ని ముద్దాడుతూ ఏడుస్తోంది. ఇంకొకావిడ పిల్లలమ్మని కావలించుకుని వదలడం లేదు. లాండ్రీలో పనిచేసే ఆవిడ కవల పిల్లలిద్దర్నీ చెరో చంకా ఎత్తుకుని మెట్లమీద కూర్చుంది.

"నాదేముంది, కింద గదిలోకి దింపాను, అంతే" అంటోంది పిల్లలమ్మ. "ముందే మోగింది కాబట్టి..." అని ఆగి పిచ్చుక వైపు చూసింది. పిచ్చుక తెలిసీ తెలియనట్టు తల అడ్డంగా ఊపింది. పిల్లలమ్మ మాట మింగేసింది. కింద కూర్చుని, బుడంకాయ కాలు ఒళ్లో పెట్టుకుని బూటు తొడగసాగింది.

లాండ్రీ ఆవిడ కళ్లు తుడుచుకుని కొండవైపు తలెత్తింది. "ఆ సైరన్ వేళకి మోగించిన తల్లెవరో, తండ్రెవరో గానీ" అంది, "వాళ్ల కడుపు చల్లగుండ."

పిల్లలమ్మ తల ఎత్తలేదు. బూటుతాడు రెండు ముళ్లు వేసి బిగించింది.

"ఉంటుంది, చల్లగానే ఉంటుంది" అని, బుడంకాయ రెండో కాలు అందుకుంది.